మూడో షరతు

పెట్టెకు వేసిన తాళం వేసినట్టే ఉంది, తాళంచెవి వెంకటశేషమ్మ మెడలో పుస్తెల పక్కనే ఉంది, కానీ పెట్టెలో ఉండవలసిన పట్టాదారు పాసుపుస్తకం మాత్రం లేదు.

చీరలన్నీ తీసి దులిపింది. దస్తావేజు చిత్తుప్రతి ఉంది. డాక్టరు రాసిచ్చిన చీటీ ఉంది. భర్త హజరత్తయ్యకు షుగరని తేలినప్పటి నుంచి పదేళ్లుగా ఆ పెట్టెలోనే దాస్తున్న బెల్లంలో ఈసారి తెచ్చిన అచ్చు, ఎలుకలు కొరికింది పోగా, సగం ఉంది. పెట్టె పక్కన ఎలుకల బోను ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. పాసుపుస్తకం లేదు. టైము ఏడున్నర. పదకొండుకు గూడూరులో రిజిస్ట్రేషను.

శేషమ్మకు పిల్లల్లేరు. పుట్టింటి నుంచి వచ్చిన మూడెకరాల మాగాణిని, చనిపోయిన చెల్లెలి కూతురు వాణికి రాసిద్దామని నిశ్చయించుకుంది. వాణి, ఆమె భర్త పెంచల్ ఆ ఇంట్లోనే ఉంటూ ముసలివాళ్లిద్దరినీ చూసుకుంటున్నారు. అయినా గూడూరు దస్తావేజు లేఖరి చంద్రమౌళి ముందే హెచ్చరించాడు. "ప్రేమతోనే రాసియ్యమ్మా. కానీ చూసుకోవాలనే షరతు కాగితం మీద ఉండాల. అది లేకుండా ఇచ్చేసి, రేపు తేడా వస్తే వెనక్కి తెచ్చుకోవడం కష్టం."

అందుకని శేషమ్మ షరతులు చెప్పి రాయించింది. ఒకటి, తిండీ బట్టా. రెండు, మందులు, మంచాన పడితే సేవ. మూడోది మొగుడి కోసం ప్రత్యేకంగా ఆలోచించి రాయించింది. ఆమె తెలివితోనే సంతకం పెట్టిందని రేపు ఎవరూ అనుమానపడకుండా, మతి స్థిమితంగా ఉందని డాక్టరు చేత చీటీ కూడా రాయించాడు చంద్రమౌళి.

"నువ్వే యాడో పెట్టి మర్చిపోయుంటావులే పెద్దమ్మా," అంది వాణి, పొయ్యి దగ్గర నుంచి.

అంతే. ఆ మాటకు కాళ్లు వచ్చాయి.

పెంచల్ గోడ పక్కన నిలబడి, గూడూరుకు ఫోను లేకుండానే వినిపించేంత గట్టిగా ఫోనులో చెప్పాడు. "సార్, అత్త పాసుబుక్కు యాడ పెట్టిందో మర్చిపోయింది. కొంచెం లేటయితాది."

"మర్చిపోయిందా? ఎన్నాళ్ల నుంచి ఇట్లా?" చంద్రమౌళి గొంతు మారింది. "ఆగండి. మతి బాగుందని చీటీ పెట్టి, మతిమరుపు మనిషి చేత సంతకం చేయిస్తే రేపు నా మెడకు చుట్టుకుంటాది. నేనే వచ్చి చూస్తా."

గోడ అవతల పక్కింటి కామమ్మ ఉంది. ఇడ్లీలు ఉడికేలోపు శేషమ్మకు మతి చెడిందని ఊరంతా తెలిసింది. తొమ్మిదిన్నరకు చంద్రమౌళి మోటారుసైకిలు దిగేసరికి, వాకిట్లో కామమ్మ వేపమండలతో, ఆశా కార్యకర్త పరంజ్యోతి నోటుపుస్తకంతో, వాళ్ల వెనక మరో పదిమంది ఏ పనీ లేకుండా నిలబడి ఉన్నారు. శేషమ్మ కోపంగా చూస్తే "చూపు చూడు, అప్పుడే మారింది" అన్నారు. నవ్వితే ఇంకా భయపడ్డారు.

శేషమ్మ లెక్క వేసుకుంది. ఈ రోజు మతి లేదని ముద్ర పడితే దస్తావేజు ఆగిపోతుంది. రేపు మంచాన పడ్డప్పుడు మందో మాకో అడిగే హక్కు ఏ కాగితం మీదా ఉండదు.

"అవ్వా, ఈరోజు ఏ వారం?" పరంజ్యోతి మెల్లగా అడిగింది.

"బేస్తవారం. పోయిన బేస్తవారం బీపీ చూస్తానని వచ్చి, మిషన్లో బ్యాటరీ లేదని, నా చెయ్యి పట్టుకొనే నూట ముప్పై అని రాసుకొని పోయినావు."

పరంజ్యోతి నోటుపుస్తకం మూసింది.

"అక్కా, నన్ను గుర్తుపట్టినావా?" కామమ్మ వేపమండలు ఊపింది.

"పట్టకేం? తుపాను వచ్చిన ఏడు నా చాట ఎత్తుకపోయినావు. అంచుకు ఎర్రగుడ్డ. మీ వసారాలో తగిలించి ఉండాది."

వెనక ఉన్న పదిమందిలో ఏడుగురికి అర్జంటుగా పనులు గుర్తొచ్చాయి. మిగతా ముగ్గురూ ఈ ఊరికి కొత్త.

"జ్ఞాపకం నా కంటే బాగుండాది," అన్నాడు చంద్రమౌళి. "మరి పుస్తకమేమైనట్టు?"

"అదే నేనూ కనుక్కుంటా ఉండా," అంటూ శేషమ్మ పెట్టెను గోడ నుంచి ముందుకు లాగింది. ఇన్నేళ్లూ ముందు నుంచి తెరవడమే కానీ, దాని వీపు ఎలా ఉంటుందో ఆమె చూసిందే లేదు. పెట్టె వెనకంతా తుప్పు. మూతను పట్టి ఉంచే రెండు బందుల చీలలు మాత్రం నిగనిగలాడుతున్నాయి. ఒకదాని తర్వాత ఒకటి గోటితో లాగింది. వెన్నలోంచి వచ్చినట్టు వచ్చాయి. మూత వెనక నుంచి లేచింది. తాళం తన పాటికి తాను వేలాడుతూనే ఉంది.

వేలు వాసన చూసింది. ఆముదం.

ఆ ఇంట్లో రోజూ మోకాళ్లకు ఆముదం రాసుకునే మనిషి ఒక్కడే. పైగా, నలభై ఏళ్లుగా కోడి కూయగానే చేలో ఉండే ఆ మనిషి, ఈ రోజు పొద్దున్నుంచి వసారాలో విత్తనాల బస్తా మీద నుంచి కదలలేదు. ఇంత గొడవలో ఏమైందని ఒక్కమాటా అడగలేదు.

"ఏమయ్యా, ఇవాళ చేలోకి పోలేదే?"

"మోకాళ్లు," అన్నాడు హజరత్తయ్య.

"నిన్న లేవా మోకాళ్లు? లెయ్."

"లేవను."

"పెంచల్, మీ మామను పట్టుకో నాయనా."

పెంచల్ ఆయన్ని లేపాడు. శేషమ్మ బస్తా మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి దింపింది. వడ్లలోంచి పాసుపుస్తకం పైకొచ్చింది.

చంద్రమౌళి డాక్టరు చీటీ వైపు, హజరత్తయ్య వైపు మార్చి మార్చి చూశాడు. ఎవరికి తీసుకోవలసిన చీటీ ఎవరికి తీసుకున్నామా అని ఆయన సందేహం.

"నన్ను పిచ్చిదాన్ని చేస్తా ఉంటే చూస్తా కూర్చున్నావే! ఎందుకయ్యా?" శేషమ్మ పాసుపుస్తకం ఆయన ముందు ఆడించింది.

"అంత దూరం పోతాదనుకోలా. మొన్న ఆ మూడో షరతు చదివినారు గదా," తలొంచుకుని అన్నాడు హజరత్తయ్య. "హజరత్తయ్యకు చేలో ఏ పనీ లేకుండా విశ్రాంతి కల్పించవలెను అంట. రిజిస్టరయితే ఇంక నన్ను చేని గట్టు ఎక్కనిస్తారా? అడుగు పెడితే షరతు తప్పినట్టేనని వాణి ఇంటికి తోలకొస్తాది. పొద్దున లేచి నేను యాడికి పోవాల శేషమ్మా?"

శేషమ్మ పాసుపుస్తకానికి అంటిన వడ్లు దులిపింది. తర్వాత చంద్రమౌళి వైపు తిరిగింది.

"మూడోది కొట్టేయండి. ఆయనకు ఓపిక ఉన్నన్నాళ్లు చేలోకి పోవచ్చు, ఎవరూ అడ్డం చెప్పకూడదని రాయండి."

చంద్రమౌళి అక్కడే రాశాడు. వాణి పెద్దనాన్నకు మంచినీళ్లిచ్చింది. అందరూ బయల్దేరబోతుంటే, శేషమ్మ గడపలో ఆగింది. ఆమెకింకా ఏదో తేలలేదు.

"అది సరే. ఇన్నేళ్ల చీలలు ఒక్కరోజు ఆముదానికి అంత సులువుగా ఎట్లా ఊడినాయి?"

హజరత్తయ్య గ్లాసు కింద పెట్టాడు. బోను వైపు చూశాడు.

"ఒక్కరోజు ఆముదం కాదులే అది. పదేళ్లుగా ఆ బెల్లం తిన్న ఎలుకను నేనే శేషమ్మా. బోను చిన్నదయిపోయింది గానీ, లేకుంటే ఎప్పుడో దొరికేవాణ్ని."