నలభై ఒక్క మంది ఒక్కరే అని తేలిన సంగతి

మానవజాతి ఇప్పటిదాకా కట్టుకున్న వ్యవస్థలన్నింటిలో అత్యున్నతమైనది ఏదని నన్నెవరూ అడగలేదు. అయినా చెబుతాను. ఇంకా తయారు కాని వస్తువుకు, ఎన్నడూ చూడని మనిషికి ముందుగానే డబ్బు కట్టి, అది రెండేళ్లు ఆలస్యమైతే "పర్వాలేదు, మీ ఆరోగ్యం జాగ్రత్త" అని మనమే ఓదార్పు ఉత్తరం రాసే వ్యవస్థ. చదువుకున్నవాళ్లు దీన్ని క్రౌడ్‌ఫండింగ్ అంటారు. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ని కనుక చాలాకాలం దీన్ని మా సూరత్ శివారు భేస్తాన్‌లో ఫ్లాటు బుక్ చేసుకోవడం అనుకున్నాను. (తేడా ఉంది. ఫ్లాటు విషయంలో కనీసం గుంత చూపించారు.)

ఈ వ్యవస్థలో మహా పవిత్రమైన శాఖ, బల్ల మీద పరుచుకుని ఆడే ఆటలది. పెద్ద కంపెనీల ఆటలు కావు. అవి దుకాణంలో దొరుకుతాయి, కాబట్టి వాటికి మర్యాద లేదు. ఎవరో ఒకరు సొంతంగా ఆలోచించి, పెట్టుబడి లేక, అచ్చు వేయలేక కూర్చున్న ఆటే అసలైన ఆట. చదువుకున్న యువకులు యాప్‌లో వెతికి దాన్ని "కనుగొంటారు". కనుగొన్నాక "మద్దతిస్తారు". ఇంట్లో అప్పటికే అరవై పెట్టెలు సీలు విప్పకుండా ఉన్నా మద్దతిస్తారు. పెట్టె విప్పి ఆడినవాణ్ని ఈ రంగంలో ఇంకా కొత్తవాడి కిందే లెక్కిస్తారని విన్నాను.

ఈ మహా వ్యవస్థ సూరత్‌లో మేముండే బమ్రోలి దాకా ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు మా బావ సంగతి చెప్పాలి.

బావ పేరు సోమలింగం. మా అక్క భాగీరథి భర్త. ఉధ్నాలో నేను ఫిట్టరుగా ఉన్న షెడ్డులోనే ఆయన సాంచెలు నడుపుతాడు. సాంచె అంటే మర మగ్గం. నూరు సాంచెలు ఒక్కసారి ఆడుతుంటే చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని మేమంతా చేతులతో మాట్లాడుకుంటాం. చిటికెన వేలు చూపిస్తే కండె, అంటే నాడెలోని నూలు, అయిపోయిందని. రెండు వేళ్లు కత్తెరలా ఆడిస్తే పోగు తెగిందని. చెవి గోక్కుంటే శేఠ్ వస్తున్నాడని. (ఈ చివరి సైగను శేఠ్ కూడా నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆయన లోపలికి వస్తూ తనే చెవి గోక్కుంటాడు.)

ఈ సైగలతో బావ ఒక ఆట తయారుచేశాడు. తెల్ల గుడ్డ మీద బొగ్గుతో గీసిన సాంచెలు, పావులుగా ఖాళీ బాబిన్లు, నూలు డబ్బాల అట్ట కత్తిరించి చేసిన ముక్కలు. ఎదురుగా కూర్చున్నవాడి సాంచెకు ఏం రోగం వచ్చిందో నీ చేతిలోని ముక్క మీద ఉంటుంది. నువ్వు సైగతోనే చెప్పాలి. నోరు తెరిచావా, నీ గుడ్డలో నుంచి ఒక తాను కోత. పన్నెండు తాన్లు ముందుగా నేసినవాడు గెలిచినట్టు. పదేళ్లుగా మా చాయ్ విరామాలన్నీ దానిమీదే గడిచాయి. పదిమంది మగవాళ్లు నోరు మూసుకుని కూర్చునే ఆట లోకంలో ఇంకెక్కడా లేదని అక్క ధ్రువీకరించింది.

నా కూతురు సంధ్యారాణి బట్టల మార్కెట్‌లో కంప్యూటరు మీద బిల్లులు కొడుతుంది. ఈ యాప్ సంగతి తెచ్చింది తనే. యాప్ పేరు హాథ్ బటావో. తలో చెయ్యి వేయమని అర్థం.

"మామా, నీ ఆటను గిండ్ల పెడ్దాం. మస్తు మంది పైసలేస్తరు."

"ఎందుకేస్తరు బిడ్డా? నేనెవలో ఆళ్లకు ఎరుకనా?"

"ఎరుక లేదు కాబట్టే ఏస్తరు. ఎరుకున్నోళ్లు ఎవలన్న ఏస్తరా?"

బావ చేతిలోని బాబిన్ కింద పెట్టాడు. "పైసల ముచ్చట గాదు. డబ్బ మీద నా పేరు అచ్చయితదా?"

"పెద్దగ అయితది మామా. 'సోమలింగం తయారుచేసిన ఆట' అని."

ఆయన ఆ మాటే ఎందుకు అడిగాడో బయటివాళ్లకు తెలియదు. నలభై ఏళ్లలో బావ నేసిన గుడ్డతో సూరత్ నుంచి మా సిరిసిల్ల దాకా రోడ్డుకు పరదా కట్టొచ్చు. ప్రతి తాను మీదా శేఠ్ ముద్ర ఉంటుంది. నేసినవాడి పేరు రాసే పద్ధతి మా షెడ్డులో ఒక్క సందర్భంలోనే ఉంది. గుడ్డలో తప్పు దొరికితే, ఎవడి తప్పో తెలియడానికి చాక్‌పీసుతో రాస్తారు. బావ మంచి పనిమంతుడు. కాబట్టి ఆయన పేరు ఎక్కడా లేదు.

యాప్‌వారి నియమాలు న్యాయంగానే ఉన్నాయి. నలభై అయిదు రోజుల్లో మూడు వందల మంది మద్దతివ్వాలి. ఒక్కరు తగ్గినా అంతా రద్దు. మూడు వందల మంది మద్దతిచ్చిన ఆటను వారి ఆవిష్కరణ విభాగం మొదటి పేజీలో పెడుతుంది. మొదటి పేజీలో ఉంటేనే జనం చూస్తారు. జనం చూస్తేనే మూడు వందల మంది అవుతారు. (రేషన్ కార్డుకు చిరునామా, చిరునామాకు రేషన్ కార్డు తెచ్చిన అనుభవం ఉన్నవారికి ఇందులో వింతేమీ కనపడదు.)

ఆటను వివరిస్తూ వీడియో పంపాలన్నారు. నలుగురం కూర్చుని నోరు తెరవకుండా ఒక ఆట పూర్తిగా ఆడి పంపాం. "శబ్దం లేదు" అని తిప్పి పంపారు. షెడ్డులో ఆడి పంపాం. "శబ్దం ఎక్కువగా ఉంది" అని తిప్పి పంపారు. మూడోసారి సంధ్య వెనకనుంచి ఇంగ్లీషులో మాట్లాడింది. ఏం మాట్లాడిందో మాకు తెలియదు, వెంటనే ఆమోదించారు.

మొదటి పదిహేను రోజుల్లో ఆరుగురు మద్దతిచ్చారు. అందులో ఇద్దరు బెంగళూరు యువకులు. "ఇంత నిజమైన ఆటను మేం ఇంతవరకు కనుగొనలేదు" అని రాశారు. బావ ఆ మాటను సంధ్యతో నాలుగుసార్లు చదివించుకున్నాడు.

ఆరుగురితో పని కాదని మా వరుస గదులవాళ్లందరికీ అర్థమైంది. ఇక్కడే మేం మా పద్ధతి ప్రకారం నడుచుకున్నాం. మార్కండేయ జయంతికి చందా ఎలా పోగుచేస్తామో అలా. ప్రతి ఇంటినుంచి ఒకరు వచ్చి ముత్యం కిరాణంలో డబ్బిచ్చి, నోటుబుక్కులో పేరు రాయించుకుని పోయారు. ముత్యం తన ఫోనులోనుంచి ఒక్కొక్కరి పేరు మీద విడివిడిగా కట్టాడు. చిరునామా అడిగిన చోట అందరిదీ ఒకటే రాశాడు: ముత్యం కిరాణం, బమ్రోలి. అబద్ధం కాదు. మా గదుల నంబర్లు సున్నం వేసినప్పుడల్లా మారిపోతాయి కాబట్టి, బ్యాంకు కాగితం నుంచి పెళ్లి పత్రిక దాకా మాకు వచ్చేదంతా ముత్యం బియ్యం బస్తాల మీదికే వస్తుంది. ఒక్క సాయంత్రంలో నలభై ఒక్క మంది చేరారు. బావ అందరికీ చాయ్ పోయించాడు.

మర్నాడు యాప్‌వారి నిజాయితీ పరిరక్షణ విభాగం నుంచి తాఖీదు వచ్చింది. ఒకే ఫోను, ఒకే చిరునామా, రెండు గంటల వ్యవధి. ఈ నలభై ఒక్క మంది వేర్వేరు మనుషులేనా అని సందేహం కలిగిందట. మేం నలభై ఒక్క మందిమీ కిరాణం ముందు వరుసగా నిలబడి ఫోటో దిగి పంపాం. గుంపు ఫోటోలో వ్యక్తులు ఉండరని జవాబు వచ్చింది.

తరువాత ఫణికుమార్ అనే అధికారి, మన తెలుగువాడే, ఫోను చేశాడు. సంధ్య స్పీకర్ ఆన్ చేసింది. నలభై ఏళ్లు సాంచెల మధ్య ఉన్న మనిషి గొంతు ఎలా ఉంటుందో ఆయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.

"నమస్కారమండీ సోమలింగం గారూ. అరవకండి, ప్రశాంతంగా మాట్లాడుకుందాం."

"అరుస్తలేను సార్. నా గొంతే గింత," అన్నాడు బావ. నాలుగు గదుల అవతల పసిపిల్ల లేచి ఏడ్చింది.

"వీళ్లు నలభై ఒక్క మంది అనడానికి రుజువేమైనా ఉందాండీ?"

"గీడనే ఉన్నరు సార్. పిలవాల్నా?"

"ఉండటం రుజువు కాదండి. ఎవరి చిరునామా వారికి ఉండాలి."

"ఉన్నది కద. ముత్యం కిరాణం."

"అది అందరికీ ఉందండి."

"అందరం గాడనే ఉంటం కద సార్."

"మా కంప్యూటరు లెక్కలో మీరంతా ఒక్కరేనండి."

ముత్యం ఫోను మీదికి వంగాడు. "సార్, ముత్యాన్ని మాట్లాడుతున్న. గట్లయితే నేను సోమలింగాన్నా, సోమలింగం నేనా?"

"అది మా పరిధిలోకి రాదండి. ఆ ఒక్కరెవరో మీలో మీరు తేల్చుకోవచ్చు."

అక్క వెనకనుంచి అంది: "ఒక్కళ్లమే అయితే ఇంటి మాలిక్ నలభై ఒక్క కిరాయిలు ఎందుకు తీస్కుంటుండు? జర ఆయనకు గూడ ఫోన్ చేసి చెప్పుండ్రి సారూ."

ఫణికుమార్ ధన్యవాదాలు చెప్పి పెట్టేశాడు. సాయంత్రానికి రెండు సందేశాలు వచ్చాయి. మొదటిదాని ప్రకారం మా నలభై ఒక్క మందిని పరిశీలనానంతరం ఒక్కరిగా స్థిరపరిచారు. రెండోది బావ స్వరం తమ సిబ్బందిని నొప్పించినందుకు హెచ్చరిక. నలభై అయిదో రోజుకు మొత్తం మద్దతుదారులు ఏడుగురు. ఆట రద్దయింది. "ఓటమి కూడా ఒక ఆవిష్కరణే" అని యాప్‌వారు పువ్వు బొమ్మతో రాశారు.

మర్నాడు చాయ్ విరామంలో బావ ఎప్పటిలాగే గుడ్డ పరిచాడు.

ఆరు నెలలు గడిచాక యాప్‌నుంచి సంధ్యకు ఇంకో సందేశం వచ్చింది. "మీ అభిరుచిని బట్టి ఈ ఆట మీకు నచ్చవచ్చు" అని. ఆట పేరు సైలెంట్ షిఫ్ట్. మర మగ్గాలు, బాబిన్లు, నోరు తెరవకుండా సైగలు. తయారుచేసినవారు ఇద్దరు బెంగళూరు యువకులు. మా ఏడుగురిలోని ఇద్దరే. అప్పటికే రెండు వేల మంది కనుగొని మద్దతిచ్చారు.

సంధ్య ఫోను విసిరేయబోయింది. "దొంగలు మామా. కేసు ఏద్దాం."

"ఏమని ఏస్తవ్ బిడ్డా? సైగలు నాయి అంటవా? షెడ్డోళ్లందరివి." బావ వీడియోను మూడుసార్లు చూశాడు. "చిటికెన ఏలు చూపిచ్చి అన్నం యాళ్లయింది అంటుండ్రేంది? తప్పు. గది కండె అయిపోయింది అని. తెల్వక చేసిండ్రు, చెప్పు ఆళ్లకు."

సంధ్య పళ్లు కొరుకుతూనే రాసింది. గంటలో జవాబు వచ్చింది. మీ ఆసక్తికి కృతజ్ఞతలు, నియమాలు ఖరారైపోయాయి కాబట్టి సైగ మార్చలేం. అయితే 'మహా నేతగాడు' స్థాయిలో మద్దతిస్తే మీ పేరు పెట్టె మూత లోపల అచ్చు వేస్తాం. (నేతగాడికి ఆ స్థాయిలో ప్రత్యేక తగ్గింపు ఉందా అని నేను రాయించాను. లేదన్నారు.)

"కట్టు బిడ్డా," అన్నాడు బావ.

"మామా, నీ ఆటకు నువ్వే పైసలు కడ్తవా?"

"డబ్బ మీద పేరు అచ్చయితది అంటుండ్రు కద."

ఈసారి ఒక్క మనిషి, ఒక్క ఫోను. నిజాయితీ పరిరక్షణ విభాగం అభ్యంతరం చెప్పలేదు.

పెట్టె పద్నాలుగు నెలలకు వచ్చింది. అందాకా ఇరవై రెండు ప్రగతి నివేదికలు వచ్చాయి. ఒకదాంట్లో ఓడరేవులో ఆగిన కంటైనరు, ఇంకోదాంట్లో ఆ యువకులు కొత్తగా పెంచుకుంటున్న పిల్లి. ముత్యం కిరాణంలో అందరం చేరాక బావ మూత తీశాడు. లోపలి వైపు రెండు వేల మూడు వందల పదహారు పేర్లున్నాయి, చీమకన్నా చిన్న అక్షరాల్లో. కంటికి ఆనలేదు. షెడ్డులో గుడ్డ మీద పెట్టి పోగులు లెక్కపెట్టే అద్దం నా జేబులో ఉంటే తీసిచ్చాను. సంధ్య అరగంట వెతికి, పద్దెనిమిదో వరుసలో పట్టుకుంది.

అక్క అద్దంలోనుంచి చూసింది. "ఆట నువ్వు చేసినవని రాసిండ్రా?"

"లే. ఆదుకున్నోళ్లల్ల రాసిండ్రు."

"నువ్వు ఎవల్ని ఆదుకున్నవ్?"

బావ పెట్టెను తిప్పి, అడుగున ఎర్ర రంగులో ఉన్నదేమిటో చదవమని సంధ్యకు ఇచ్చాడు. అది భద్రతా సూచన. పద్నాలుగేళ్లు నిండనివారు ఈ ఆట జోలికి రాకూడదట, చిన్నచిన్న భాగాలుంటాయి కనుక ప్రమాదమట.

బావను సాంచె మీద నిలబెట్టినప్పుడు ఆయనకు పన్నెండేళ్లు.