విమానం పిడి గ్లెండా చేతికొచ్చాక

ఆ శనివారం పొద్దున గ్లెండా వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పెందలాడే బార్‌స్టోలో బయలుదేరి, ఎడారి దారిన మధ్యాహ్నానికల్లా లాస్ వేగస్ చేరి, చెల్లెలు మార్లీన్ మూడో పెళ్ళికి సాక్షి సంతకం పెట్టాలి. మొదటి రెండు పెళ్ళిళ్ళకీ ఆమె కేకు కోసేశాకే చేరింది. రెండుసార్లూ కారణం మొగుడు డ్వెయిన్, అతని బొమ్మ విమానాలు.

"ఈసారి కారులో విమానం ఎక్కిందో, నేను దిగిపోతాను," అని ముందురోజే హెచ్చరించింది. డ్వెయిన్ బుద్ధిగా తలూపాడు. దారిలో బేకర్ ఊళ్ళో ఖర్జూరం మిల్క్‌షేకుల కోసం ఆగినప్పుడు వెనక సీటు మీది దుప్పటి జారింది. కింద పసుప్పచ్చ రెక్కలు కనిపించాయి.

"ఏమిటది?"

"దుప్పటి."

"దుప్పటి కిందది!"

"ఏడాదిగా చెక్కుతున్నాను గ్లెండా! పక్కనే ఎండిపోయిన సరస్సు, పళ్ళెంలా చదును. గాలి కూడా లేదు. ఒక్కసారి ఎగరేసి పోదాం. తోక పట్టుకుని వదిలే మనిషి ఒకరుంటే చాలు."

వాదనకి దిగితే అంతకంటే ఆలస్యమవుతుందని అనుభవం మీద తెలుసు కనక గ్లెండా ఒప్పుకుంది. కోపంతో ఆమె వదిలేసిన మిల్క్‌షేకు కూడా డ్వెయినే తాగేశాడు.

ఆ విమానానికి రిమోటూ గిమోటూ ఉండవు. రెక్కలోంచి రెండు సన్నటి ఉక్కు తీగలు బయలుదేరి దూరాన మనిషి చేతిలోని పిడి దాకా వస్తాయి. అది చుట్టూ ఎగురుతుంటే మనిషి నడుమ నిలబడి దానితోపాటు తిరుగుతుండాలి. ఇంధనం అయిపోతే గాని ఆగదు. మాటిమాటికీ దిగే బాధ లేకుండా డ్వెయిన్ ఈసారి పెద్ద ట్యాంకు బిగించాడు.

అతను ఇంజను రాజేసి పిడి వైపు నడిచాడు. గ్లెండా పెళ్ళికని కుట్టించుకున్న ఊదా గౌనుతో మోకాళ్ళ మీద కూర్చుని తోక పట్టుకుంది. ఆ ఇంజను తాగేది ఆముదం కలిపిన ఇంధనం. తాగినదాంట్లో కొంత ఆమె మీద ఉమ్మింది.

"అయ్యో నా గౌను!" అంటూ రెండు చేతులూ ఎత్తేసింది. అదృష్టవశాత్తూ డ్వెయిన్ అప్పుడే పిడి అందుకున్నాడు. విమానం లేచింది.

డ్వెయిన్ తిరగడం మొదలుపెట్టాడు. కడుపులో మిల్క్‌షేకులు ఎదురు దిశలో తిరిగాయి.

"గ్లెండా! కళ్ళు తిరుగుతున్నాయి. వచ్చి పిడి పట్టుకో!"

"వదిలెయ్ దాన్ని!"

"ఏడాది కష్టం!"

తిట్టుకుంటూ తీగల కింద నుంచి వంగి పరుగెత్తి పిడి లాక్కుంది. డ్వెయిన్ వెల్లకిలా పడుకుని కళ్ళు మూసుకున్నాడు.

"చెయ్యి పైకి వంచితే పైకి పోతుంది, కిందికి వంచితే కిందికి. నీకు తోచింది మాత్రం చెయ్యకు."

రోడ్డు మీద పోయేవాళ్ళకి తీగలు కనిపించవు. కనిపించిందల్లా నేల మీద కదలకుండా పడున్న మొగుడు, పక్కనే పిడికిలి బిగించి గిరగిరా తిరుగుతూ తిట్టిపోస్తున్న పెళ్ళాం. ఎవరో పుణ్యాత్ములు పోలీసులకి ఫోను కొట్టారు. దగ్గర్లోనే ఉన్న పోలీసు ఒర్తేగా సైరను మోగించుకుంటూ వచ్చి దిగాడు.

"మేడమ్! చేతిలోది కింద పడెయ్యండి!"

"పడేస్తే నీ మీదికే వస్తుంది! అడుగు ముందుకెయ్యకు, మెడ తెగుతుంది!"

"బెదిరిస్తున్నారా? ఆయన్నేం చేశారు?"

"నేనేం చేశాను? రెండు మిల్క్‌షేకులు తాగాడు!"

"వాటిలో ఏం కలిపారు?"

"ఖర్జూరాలు!"

ఇంతలో డ్వెయిన్ ఒక చెయ్యి పైకెత్తి, "నా ప్రాణం... దాని చేతిలో ఉంది..." అని మూలిగాడు. ఒర్తేగాకి అనుమానం రూఢి అయిపోయింది. ఒక అడుగు ముందుకు వేశాడు. విమానం వచ్చి అతని టోపీ లేపుకుపోయింది. ఒర్తేగా నేలని కరుచుకున్నాడు. ఆ తర్వాత ముగ్గురిలోనూ నిలబడి ఉన్నది గ్లెండా ఒక్కతే.

చివరికి ఇంధనం అయిపోయి మోత ఆగింది. "ముక్కు ఎత్తు! ముక్కు ఎత్తు!" అని డ్వెయిన్ మొత్తుకున్నాడు. గ్లెండా వినలేదు, కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఉన్న అలవాటే. విమానం పిల్లిలా చక్రాల మీద దిగి, నింపాదిగా దొర్లి ఆగింది. డ్వెయిన్ దింపిన ఏ విమానమూ ముక్కు విరగకుండా ఆగిన దాఖలా లేదు.

అప్పుడే గ్లెండా ఫోను మోగింది.

"అక్కా, తొందరేం లేదు," అంది మార్లీన్. "పెళ్ళి మందిరంలో మా ముందు బోలెడు జంటలున్నాయి. మా వంతు సాయంత్రమేనట."

ఒర్తేగా దుమ్ము దులుపుకుంటూ లేచి వచ్చాడు. తీగల్ని చూశాడు. డ్వెయిన్ నాడి చూశాడు.

"కేసేమీ లేదు మేడమ్. కాని అది... భలే దింపారు."

డ్వెయిన్ ఆముదం తాగిన మొహం పెట్టాడు. "పద పద. తోడబుట్టినదాని పెళ్ళన్న ధ్యాస ఉందా అసలు నీకు?"

"ట్యాంకు నింపి వెళ్ళి కూర్చో," అంది గ్లెండా, చేతిలో పిడి వదలకుండా.

ఒర్తేగా అప్పటికే తోక పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. డ్వెయిన్ ట్యాంకు నింపి, కారెక్కి తలుపు వేసుకుని, హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. ఎడారి కనక ఇరుగుపొరుగుకి ఇబ్బంది కలగలేదు.