మా బావ కొనని కంప్యూటర్

అయ్యా, అమ్మా! మనిషి సుఖంగా బతకాలంటే కావలసింది ఆస్తి కాదు, ఆరోగ్యమూ కాదు. ఎప్పటికీ తేలని ప్రశ్న ఒకటి ఉండాలి. నమ్మరా? అయితే మా బావను చూడండి.

మా బావ, అంటే మా అక్క భర్త, కళ్లజోళ్ల షాపులో చూపు పరీక్ష చేస్తాడు. వచ్చినవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా? ఇది బాగుందా?" అని అడగడం ఆయన పని. ఇరవై ఏళ్లుగా అదే మాట. జవాబు వెంటనే రాకపోతే చిరాకుపడేవాడు. "రెండూ ఒకేలా ఉన్నాయండీ" అని ఎవరైనా నసిగితే, "అయితే మొదటిదే ఖాయం" అని చీటీ మీద రాసి పారేసేవాడు.

అంతటి మనిషిని కిందటేడు సెలవుల్లో కూతురు ఒక కోరిక కోరింది. "నాన్నా, తక్కువలో ఒక గేమింగ్ కంప్యూటర్ కొందాం. కార్ల రేసు ఉంది, ఇద్దరాడేది. ఈ సెలవుల్లో నువ్వూ నేనూ ఆడదాం."

బావ సరేనన్నాడు. అక్కడితో ఆగితే ఆయన జీవితం బోసిగా మిగిలిపోయేది. అదృష్టం బాగుండి నన్నడిగాడు: "రెడీమేడ్‌ది కొనమంటావా, పార్టులు తెచ్చి మనమే బిగించుకోమంటావా?"

కంప్యూటర్ల గురించి నాకు తెలిసింది సున్నా. అయినా అడిగినవాణ్ని ఉత్త చేతులతో పంపడం మర్యాదేనా? "రెడీమేడ్ వద్దే వద్దు బావా. లోపల ఏ చవకబారు సరుకు పెట్టారో ఎవడికి తెలుసు?" అన్నాను. వారం తర్వాత మళ్లీ అడిగితే, "బిగించుకోవడమా? రేపు తెర వెలక్కపోతే ఎవడి పీక పట్టుకుంటావు?" అన్నాను. రెండూ నిజమే కదా!

ఇక చూడండి ఆ ప్రశ్న మహిమ. నోట్లో నాలుక లేని మనిషి ఊరందరికీ చుట్టమైపోయాడు. సెలూన్లో సగం గడ్డం గీసి, మిగతా సగం ప్రాసెసర్ల మీద చర్చ ముగిశాక గీశారు. పళ్ల డాక్టరు ఆయన నోరు తెరిపించి, మూయనివ్వకుండా, గ్రాఫిక్స్ కార్డుల గురించి అరగంట మాట్లాడాడు. కొత్త మోడల్ వస్తోంది ఆగమన్నాడొకడు. అది వచ్చాక, పాతది చవకవుతుంది ఆగమన్నాడు ఇంకొకడు. ఇలాంటి స్నేహాలు కొనుక్కుంటే దొరుకుతాయా?

జ్ఞానం సంగతి చెప్పనే అక్కర్లేదు. వీడియోలు చూసీ చూసీ, కంప్యూటర్లో ఫ్యాను గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోవాలో ఇప్పుడాయన పాఠం చెప్పగలడు. ఇంట్లో పడకగది ఫ్యాను ఆర్నెల్లుగా తిరగడం లేదు, అది వేరే విషయం.

మధ్యలో ఒకసారి తెగించాడు కూడా. తగ్గింపులో ఉందని పార్టులు బిగించే ఖాళీ క్యాబినెట్ ఒక్కటి కొన్నాడు. ఒక పక్కంతా గాజు, లోపల రంగురంగుల లైట్లు. పార్టులు వచ్చేదాకా చోటు దండగెందుకని మా అక్క అందులో ఉతికిన సాక్సులు సర్దింది. చుట్టపు చూపుగా వచ్చిన మా పెద్దమ్మ దాని ముందు చాలాసేపు కూర్చుని, "చేపలేవే?" అని అక్కనడిగింది.

షాపులో కూడా ఆయన తీరు మారింది. "తొందరేం లేదండీ. నలుగుర్నీ కనుక్కుని వచ్చే వారం చెప్పండి" అంటున్నాడు. అద్దాల కోసం వచ్చినవాళ్లు వచ్చినట్టే తడుముకుంటూ వెళ్లిపోతున్నారు. ఎంత ఓర్పు, ఎంత విశాల హృదయం!

ఇలా ఏడాది హాయిగా గడిచి మళ్లీ సెలవులొచ్చాయి. మొదట్లో రోజూ అడిగిన నా మేనకోడలు, తర్వాత వారానికోసారి అడిగి, చివరికి అడగడమే మానేసింది. పిల్లకు బుద్ధి వచ్చిందని నేను మెచ్చుకున్నాను.

పోయిన ఆదివారం ఆ పిల్ల తండ్రికి క్యారేజీ ఇవ్వడానికి షాపుకెళ్లింది. జనం లేరు. "కూర్చో నాన్నా" అని ఆయన్ను ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి, ఆ ఫ్రేమే ముక్కు మీద పెట్టింది.

"ఇది రెడీమేడ్‌ది." అద్దం మార్చింది. "ఇది మనం బిగించుకునేది. ఏది బాగుంది?"

బావ నవ్వబోయి ఆగాడు. పిల్ల నవ్వడం లేదు. అద్దం మళ్లీ మార్చింది.

"రెండూ ఒకేలా ఉన్నాయమ్మా" అన్నాడు మెల్లగా.

"అయితే మొదటిదే ఖాయం." చీటీ మీద రాసి ఆయన చేతిలో పెట్టింది.

బావ షట్టరు దించి కూతురితో బయల్దేరాడు. కంప్యూటర్ షాపు మెట్ల దగ్గర అలవాటు చావక నాకు ఫోను చేశాడు. నేను ఊరుకుంటానా? "ఆగు బావా, వచ్చే నెల..." అన్నాను. అటు ఫోను చెయ్యి మారింది.

"మామయ్యా, కిందటేడూ వచ్చే నెలే అన్నావు. వచ్చే ఏడు నాకు పెద్ద పరీక్షలు. ఆ తర్వాత నాన్నతో ఆడాలని నాకు ఉంటుందో లేదో. పెట్టేస్తున్నా."

ఏడాది పాటు నలభై మందిమి బావకు సలహాలు చెప్పాం. కంప్యూటర్ ఎప్పటికి కావాలమ్మా అని ఆ పిల్లను ఒక్కరమూ అడగలేదు.

నిన్న వాళ్లింటికెళ్లాను. బావ కారు రేసులో పదే పదే గోడకు గుద్దుకుంటోంది, పిల్ల పడీ పడీ నవ్వుతోంది. ఏ కంపెనీది, లోపల ఏం వేశారు అని అడగడానికి నోరు తెరిచాను. ఇద్దరూ ఒక్కసారే నా వైపు తిరిగారు. నోరు మూసుకుని సాక్సుల పెట్టె పక్కన కూర్చున్నాను.

అన్నట్టు, కొత్త ఫోను కొనాలని నేను రెండేళ్లుగా చూస్తున్నాను. మీ ఎరుకలో మంచి మోడల్ ఏదైనా ఉంటే... వద్దులెండి, చెప్పకండి.