మా ఆయనకు టైము దొరికింది

మొగుడికి సైకిల్ పిచ్చి పట్టడం కన్నా పెద్ద అదృష్టం ఆడదానికి ఇంకొకటి లేదు. తాగుడు లేదు, పేకాట లేదు. ఆదివారం తెల్లవారకముందే లేచి ఒళ్ళు వంచి కష్టపడి వస్తాడు. కష్టపడి ఏం తెస్తాడని మాత్రం అడక్కండి. చెమట తెస్తాడు. ఆ చొక్కా మెషిన్లో వేస్తే పాడైపోతుందట, చేత్తోనే ఉతకాలి!

ఇంత ధైర్యంగా రాస్తున్నానంటే కారణం ఉంది. మాది పుదుచ్చేరిలో కదిర్కామం. మా అత్తవారు ఎన్నో తరాల కిందట ఇటు వచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. సూళ్ళూరుపేట నుంచి కోడలిగా వచ్చిన నాకొక్కదానికే అక్షరాలు తెలుసు. కనుక ఈ పత్రిక మా టేబుల్ మీద బహిరంగంగా పడి ఉంటుంది. మా ఆయన దాని మీద హెల్మెట్ పెట్టుకుంటాడు.

ఆయన పేరు వెంకటాద్రి. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు. పొద్దున ఇండియాకు, సాయంత్రం ఇంకో దేశానికి జవాబు చెప్పుకునే ఉద్యోగం. పొట్ట పెరిగింది, డాక్టరు మందలించాడు. మరుసటి వారమే ఇంటికి ఒక సైకిల్ వచ్చింది. దానికి స్టాండు లేదు, క్యారియర్ లేదు, బెల్లు లేదు. ఏమీ లేకపోవడమే దాని గొప్పట! దాన్ని హాల్లో సోఫా ఉన్నచోట నిలబెట్టి, సోఫాను బాల్కనీలోకి పంపించాడు.

నటేశన్ అనే ఒక రిటైర్డు ఇంజినీరు నడిపే సైకిల్ బృందంలో మా ఆయన చేరాడు. ప్రతి ఆదివారం వాళ్ళు కడలూరు రోడ్డు మీద కిరుమాంబాక్కం దాకా తొక్కుకుంటూ పోతారు. అక్కడ నెయ్యి కారే పొంగలి, వడ తిని, కరిగించిన కొవ్వును మళ్ళీ ఎక్కించుకుని వస్తారు. ఆరోగ్యమంటే అదీ!

ఇంత పనిలో ఆయనకు టైము ఎలా దొరికిందని మీరు ఆశ్చర్యపోవచ్చు. ఆయన ఆఫీసు వాళ్ళూ ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యపోయి ఊరుకోకుండా ఒక సభ పెట్టి ఆయన చేత ప్రసంగం చేయించారు. ఆ వీడియో మా కుటుంబం వాట్సాప్ గ్రూపులోనూ పడింది. రోజుకు ఇరవైనాలుగు గంటలు అందరికీ సమానమేనని, సాకులు వెతికేవాళ్ళకు సాకులు, టైము వెతికేవాళ్ళకు టైము దొరుకుతాయని ఆయన చెబుతున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. నేను అప్పుడు ఆ చొక్కా ఉతుకుతున్నాను. చేతులు తడిగా ఉండి చప్పట్లు కొట్టలేకపోయాను.

నేనూ ఉద్యోగం చేస్తాను లెండి, ఒక ప్రైవేటు ఆస్పత్రి ఫార్మసీలో. కానీ అది లెక్కలోకి రాదు, ఎందుకంటే నేను దాని గురించి ప్రసంగాలు చేయను. ఆదివారం నాకు సెలవు. ఆయన కన్నా ముందు లేచి గుడ్లు ఉడకబెట్టి, కాఫీ ఇచ్చి సాగనంపుతాను. తర్వాత మా అత్తమ్మకు షుగరు చూసి ఇన్సులిన్ వేసి, ఇడ్లీ పెట్టి, మా అమ్మాయి అర్చితను లాస్‌పేటలో ట్యూషన్‌కు దింపి, వారానికి సరిపడా పిండి రుబ్బుతాను. ఇదంతా చూసి మా ఆయన జాలిపడి, నువ్వు కూడా ఏదైనా వ్యాయామం మొదలుపెట్టాలి అంటుంటాడు. మొగుడన్నాక ఆ మాత్రం పట్టింపు ఉండాలి కదా!

మొన్న వేసవిలో ఒక ఆదివారం, సూదిమందు ఫ్రిజ్‌లోంచి తీస్తుండగా ఫోన్ వచ్చింది. కిరుమాంబాక్కం దగ్గర టైరు పంక్చరయిందట. మరి మిత్రులంతా ఏరి అంటే, ఆగితే వాళ్ళ సగటు వేగం తగ్గిపోతుందని పొంగలి తినడానికి వెళ్ళిపోయారట. నేను స్కూటర్ తీసుకుని పోయాను.

రోడ్డు పక్కన పంక్చరు షాపు ముందు ప్లాస్టిక్ కుర్చీలో మా వీరుడు కూర్చుని ఉన్నాడు. చక్రం ఇంకా నీళ్ళ తొట్టిలోనే ఉంది. ఆయన లేచి నా చేతిలోంచి స్కూటర్ తాళం తీసుకున్నాడు.

"క్లయింట్ కాల్ ఉండాది. నేను పోతా. నువ్వు ఉండి, అయినాక ఏదన్నా టెంపోలో ఏసుకోని వచ్చెయ్."

"అత్తమ్మకు ఇంజెక్షన్ ఏయలే," అన్నాను. "అర్చితను ట్యూషన్‌కు దింపల్ల. ఇడ్లీ ఏయల్ల."

"సరి సరి, అంతేనా? చూసుకుంటా."

అంతేనా! ఆ ఒక్క మాటకు నేను ఆయనకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

చక్రం బిగించారు. ఆదివారం కదా, ఎంతసేపు నిలబడినా ఒక్క టెంపో ఖాళీగా రాలేదు. సైకిల్‌ను చూశాను. పెళ్ళి కాకముందు తొక్కిందే, మళ్ళీ ముట్టుకోలేదు. చుడీదార్ కాలు చైనులో పడకుండా షాపులో ఒక రబ్బరు బ్యాండు అడిగి కట్టుకుని, చున్నీ బ్యాగులో కుక్కి, ఆయన వదిలేసిపోయిన హెల్మెట్ పెట్టుకుని ఎక్కాను.

మొదట్లో రోడ్డంతా నాదే అన్నట్టు అటూ ఇటూ పోయాను. ఒక లారీవాడు తమిళంలో నన్ను మనసారా దీవించాడు. తవళకుప్పం దాటేసరికి సైకిల్ నా మాట వినడం మొదలుపెట్టింది. అరియాంకుప్పం వంతెన మీద ఎదురుగాలి. కింద పడవలు. బ్యాగులో ఫోన్ మోగింది. తీయలేదు. తీయడానికి చేతులు ఖాళీగా లేవు. మళ్ళీ మోగింది. నవ్వు వచ్చింది. రోడ్డు మీద ఒక్కదాన్నే నవ్వుతూ తొక్కాను.

నిజం చెబుతున్నాను, అక్కడి నుంచి ఇల్లు దగ్గరే. నేనే తిన్నగా పోలేదు. సముద్రం ఒడ్డున తిరిగి కురుచికుప్పం దాకా పోయాను. అక్కడ రోడ్డు మీద చేపలు పెట్టుకుని కూర్చున్న వెళ్ళైయమ్మాళ్ దగ్గర శంకరా చేపలు కొన్నాను. ఆమె నన్నూ, సైకిల్‌నూ, హెల్మెట్‌నూ మార్చి మార్చి చూసి, కొడుకు సైకిలా అని అడిగింది. అలాంటిదే అన్నాను. చేపల సంచి హ్యాండిల్‌కు తగిలించాను. ఆ హ్యాండిల్‌ను మా ఆయన మెత్తటి గుడ్డతో తుడుస్తాడు.

ఇంటికి పోయేసరికి ఆయన సైకిల్ దుస్తుల్లోనే లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. వంటింట్లో ఇడ్లీ పాత్ర అడుగంటిన వాసన. అర్చిత ట్యూషన్ ఎగ్గొట్టి సుఖంగా టీవీ చూస్తోంది. అత్తమ్మ నన్ను దగ్గరికి పిలిచింది.

"సూది తీసుకోని నా చేతికే ఇచ్చేసినాడు పాపా," అంది. "నేనే ఏసుకున్నా. వాడు అట్ల తిరుక్కోని నిలబడినాడు."

నాకు ఒళ్ళు మండింది. ఫోన్ రెండోసారి మోగింది అందుకే కాబోలు అనుకున్నాను. కాదట. ఆయన ఫోన్ చేసింది చట్నీ ఎక్కడుందో అడగడానికి.

ఆ మధ్యాహ్నం చేపల పులుసు పోస్తూ చెప్పాను, ఇక మీదట ఒక ఆదివారం ఆయన, ఒక ఆదివారం నేను అని. ఆయన పెద్ద మనసుతో ఒప్పుకున్నాడు. రెండు వారాల్లో నేనే మానేస్తానని ఆయన లెక్క. ఒక్క షరతు పెట్టాను. నేను తొక్కే ఆదివారం సూది ఆయనే వేయాలి, అత్తమ్మ వేసుకోకూడదు. ఆస్పత్రిలో అందరికీ చెప్పినట్టే ఆయనకూ కూర్చోబెట్టి నేర్పాను. నేర్చుకున్నాడు.

పాఠకులారా, తర్వాత జరిగింది వైద్యశాస్త్రానికే వింత! నా ఆదివారాలు నాలుగు గడిచేసరికి, సైకిల్ తొక్కితే మోకాళ్ళు అరుగుతాయని మా ఆయన కనిపెట్టాడు. కడలూరు రోడ్డులో లారీలు ఎక్కువని కనిపెట్టాడు. ఆదివారం పొద్దున ఎండ ఒంటికి మంచిది కాదని ఎవరో ఫార్వర్డ్ పంపారు. ఇంత ప్రమాదకరమైన పనికి ఇన్నాళ్ళూ ఆయన్ను చేతులారా కాఫీ ఇచ్చి పంపానే అని నాకెంత బాధ!

తన వంతు ఆదివారాల్లో కూడా ఆయన పడుకోవడం మొదలుపెట్టాడు. రావడం లేదేమని నటేశన్ అడిగితే, ఇంటి బాధ్యతలు సార్, టైమే దొరకడం లేదు అన్నాడట. బృందమంతా అయ్యో అంది. ఒకాయన మా ఆయన్ను ఆదర్శ తండ్రి అని కూడా అన్నాడు. ఆఫీసులో కొత్త ప్రసంగానికి పిలుపు వచ్చిందని విన్నాను. ఈసారి అంశం, కుటుంబం కోసం త్యాగం. నేను ఇన్నేళ్ళుగా చేస్తున్నదానికి పేరు ఉందని అప్పుడే తెలిసింది నాకు.

పోయిన ఆదివారం నేను బయలుదేరుతుంటే ఆయన గ్రైండరు దగ్గర ఉన్నాడు. మోచేతుల దాకా పిండి. ముఖంలో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. నిజంగా అర్థంకాక అడిగాడు.

"హేమా, నీకు మాత్రం టైము యాడినుంచి దొరుకుతాంది?"

"మీరు ఇంట్లో ఉండారు కదా," అన్నాను.

ఆయన గ్రైండరు ఆపి ఆలోచించాడు.

"అది టైమ్ మేనేజ్‌మెంట్ కాదే," అన్నాడు.

అవునన్నాను. నా రెండు చేతుల్లో సైకిల్ ఉంది, కాస్త గేటు తీయమన్నాను. పిండి చేతులతోనే వచ్చి తీశాడు.