కుళాయిలవాడి కొడుకు

ఆ పొద్దున కుళాయిలవాడి ఆలోచన చాలా చిన్నది. తెల్లవారేసరికి ఒళ్ళు కాలుతున్న రెండు నెలల కొడుకును ఆసుపత్రిలో చూపించాలి. మందుసీసా పుచ్చుకొని, భార్యనూ అత్తగారినీ ఇంటి దగ్గర దించి, అటునుంచి అటే పనిలోకి పోవాలి. అందుకే పనిముట్ల సంచి కూడా భుజాన వేసుకొచ్చాడు.

డాక్టరమ్మ బిడ్డను చెవుల నుంచి పాదాల దాకా చూసింది. జలుబు లేదు, దగ్గు లేదు. జ్వరం మాత్రం ఉంది.

"జ్వరానికి ఏదో ఒకటి రాసిచ్చేయండమ్మా" అన్నాడు.

"పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమా? ఇంత పసివాడికి ఊరికే జ్వరం రాదు. మూత్రంలో చీముందేమో చూడాలి. ముందు మూత్రం, తర్వాతే మందు. మందు పడ్డాక క్రిమి దొరకదు. అలాగని ఆలస్యం చేస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. కాసేపు చూస్తా. రాకపోతే సన్నగొట్టం వేసి తీస్తా."

ఇంటింటికీ గొట్టాలు వేసి బతికేవాడు ఆ మాట వినగానే రెండడుగులు వెనక్కి వేశాడు. భార్య బిడ్డను ఇంకొంచెం దగ్గరికి హత్తుకుంది.

నర్సు మూత బిగించిన డబ్బా ఇచ్చింది. "శుభ్రంగా తుడిచి, మొదటి చుక్కలు వదిలేసి, నడిమి ధార పట్టాలి."

"ఎప్పుడు పోస్తాడమ్మా?"

"వచ్చినప్పుడే వస్తుంది. కాచుక్కూర్చోవాలి."

అంతసేపు కూర్చోనవసరం లేకపోయింది. అతను మూత విప్పుతుండగానే వాడు అమ్మమ్మ ఒడి తడిపేశాడు. డబ్బా జారి నేల మీద దొర్లింది.

"ఊళ్ళో కుళాయిలన్నీ విప్పుతారు, అల్లుడుగారు. మూత దగ్గరికొచ్చేసరికి చెయ్యాడదు" అంది అత్తగారు, ఒడి పిండుకుంటూ.

పాలు పట్టి మళ్ళీ కూర్చున్నారు. ఈసారి భార్య ఒక్క చుక్క పోకుండా పట్టింది. నర్సు డబ్బాను వెలుగులో తిప్పి చూసింది.

"బయటంతా తడిగా ఉందేం?"

"నేనే కడిగానమ్మా, లోపలా బయటా. నేలన పడిందాయె" అంది అత్తగారు కొంచెం గర్వంగా.

"కుళాయి నీళ్ళతోనా? ఇప్పుడు క్రిమి కనబడితే అది పిల్లాడిదో కుళాయిదో ఎలా తెలుస్తుంది, పెద్దమ్మా?" అని నర్సు అంతా పారబోసి కొత్త డబ్బా ఇచ్చింది.

"కడిగితే తప్పు, కడక్కపోతే తప్పు" అని అత్తగారు గోడతో చెప్పుకుంది.

అప్పుడు కుళాయిలవాడికి తన విద్య గుర్తొచ్చింది. నీళ్ళ చప్పుడు వింటే ఎవరికైనా వస్తుంది. వరండాలో ఉన్న పాత కుళాయిని పూర్తిగా తిప్పాడు.

బిడ్డ ఆ చప్పుడును పాట విన్నట్టు విన్నాడు. బల్ల మీద కూర్చున్న ముసలాయన ముందుగా లేచాడు. ఆయన వెనక ఇద్దరు. చూస్తుండగానే మరుగుదొడ్డి ముందు వరుస కట్టింది. నాకేం లేదంటూనే అత్తగారూ అందులో చేరింది. నర్సు అందరినీ తప్పించుకొని ముందుకు పోబోతే ముసలాయన ఒప్పుకోలేదు.

డాక్టరమ్మ గొట్టం పొట్లంతో బయటికి వచ్చింది. "ముందు ఆ కుళాయి కట్టండి."

అతను గట్టిగా తిప్పాడు. పిడి ఊడి చేతిలోకి వచ్చింది. నీళ్ళు ఎదురుగోడకు కొట్టి, వరండా కాలువైంది. జనం చెప్పులు చేతబట్టుకొని బల్లలెక్కారు.

"మా అల్లుడే" అంది వరుసలోంచి అత్తగారు, ఎవరూ అడక్కపోయినా.

అతను సంచి తీసుకొని పెరట్లోకి పరుగెత్తి, ఆసుపత్రి మొత్తానికీ నీళ్ళొచ్చే పెద్ద వాల్వును బలమంతా పెట్టి బిగించాడు.

ధార ఆగింది. చప్పుడు ఆగింది. అంతసేపూ నీళ్ళనే చూస్తున్న బిడ్డకు ఇక చూడ్డానికేమీ మిగల్లేదు. పోశాడు. ఇంత గొడవలోనూ చోటు కదలకుండా, డబ్బా దించకుండా కూర్చున్న భార్య నడిమి ధార పట్టేసింది. డాక్టరమ్మ పొట్లం విప్పకుండానే జేబులో పెట్టుకుంది.

పరీక్షలో చీము కనబడింది. డాక్టరమ్మ వెంటనే సూదిమందు మొదలుపెట్టి, వాడికి మంచం ఇప్పించింది. "సమయానికి దొరికింది. భయం లేదు" అని చేతులు కడుక్కోబోయింది. చుక్క రాలేదు.

"నీళ్ళెప్పుడొస్తాయయ్యా?" అని నర్సు అరిచింది, వరుసలోంచే.

కుళాయిలవాడు పిడిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "పాత సరుకమ్మా. వచ్చినప్పుడే వస్తాయి. కాచుక్కూర్చోవాలి."

వరుసలో మాత్రం ఎవరూ కూర్చునే స్థితిలో లేరు.