జేబులో కరెంటు

పొద్దున కంప్యూటర్‌కు తీగ తయారుచేయాలి, మధ్యాహ్నం కూతురు దీపను పక్కన కూర్చోబెట్టుకుని కాలేజీల పేర్లు నింపించాలి. బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్ అయిన జైపాల్ ఆదివారం పథకం ఇంతే. ఇంజనీరింగు సీట్లకు ఆప్షన్లు పెట్టడానికి అదే ఆఖరి రోజు. తాముండే సెంటినరీ కాలనీకి దగ్గర్లోని కాలేజీనే పెట్టించాలని ఆయన పంతం. అందుకే విడిభాగాలు ఏరి తెచ్చి కంప్యూటర్ బిగించాడు, నెట్ కూడా పెట్టించాడు. బిడ్డ ఇంట్లో ఉండాలంటే బిడ్డకు ఇష్టమైనది ఇంట్లో ఉండాలిగా!

దుకాణంవాడిచ్చిన తీగ పొట్టిది. సాకెట్ అవతలి గోడకుంది.

"పొడుగుది ఒకటి కొనుక్కరారాదు?" అంది భార్య మమత.

"గా సేమ్యా అసొంటి తీగనా? గనిల మోటర్లకు కరెంటిచ్చేటోన్ని, నా ఇంట్ల సేమ్యా పెట్టాల్నా?"

లావు తీగ కొలిచి కోసి, దాని కొనకు అంతే లావు మూడు కాళ్ల ప్లగ్గు బిగించాడు. అది గోడలోని పాత రంధ్రాల్లో దూరలేదు. సాకెట్ మార్చాలంటే కరెంటు ఆపాలి. క్వార్టర్ల వరుస చివరి బోర్డులో ఎవరి ఫ్యూజు ఏదో రాతలు చెరిగిపోయాయి. జైపాల్ వరుసంతటికీ ఉన్న పెద్ద ఫ్యూజే పీకి, గని అలవాటు ప్రకారం జేబులో వేసుకుని, బోర్డుకు అట్టముక్క తగిలించాడు: 'మనిషి పనిలో ఉన్నాడు. ముట్టవద్దు.' ఫ్యూజు పీకడంలోనూ ఒక ఫోజు!

సాకెట్ బిగించేసరికి జీపు వచ్చింది. గనిలో బొగ్గు మోసే బెల్టు ఆగిందట. జైపాల్ నడుముకు బెల్టు బిగించి జీపెక్కాడు. జేబులో ఫ్యూజూ ఎక్కింది.

వరుసంతా హీటర్ల మీద అన్నం పలుకు దగ్గరే ఆగిపోయింది. పక్కింటి లస్మవ్వ గిన్నెతో సహా బయటికొచ్చింది.

"మీ కంప్యూటరు కరెంటంత తాగిందే, మమతా!"

"అదింక సాకెట్‌కు మూతి పెట్టనే లేదవ్వా, ఎట్ల తాగుతది?"

కాలనీ లైన్‌మన్ మొగిలి వచ్చి, అట్ట చూసి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "పెట్టినోడే తియ్యాలె."

"ఆ మనిషేడున్నడు?" అంది లస్మవ్వ.

"గనిల."

"మరి అట్ట ఈడున్నదేంది?"

"అట్ట ఈడున్నంక మనిషీ ఈడున్నట్టే లెక్క, అవ్వా."

అందరివీ గని ఇళ్లే. అట్ట పీకితే మనిషే పోతాడని అందరికీ తెలుసు. ఎవరూ బోర్డు ముట్టలేదు.

మమత గనికి ఫోన్ చేయించింది. లోపలికి చేరేసరికి కబురు 'ఇంటికాడ కరెంటు లేదట' వరకే మిగిలింది. జైపాల్ జవాబు పైకొచ్చింది: "కరెంటేమన్న నా జేబుల ఉన్నదా? లైన్‌మన్‌ను పిలువుండ్రి!"

లైన్‌మన్ అట్ట కిందే కూర్చుని ఉన్నాడు.

దీప గడియారం చూసింది, చీకటి తెర చూసింది, చెప్పులేసుకుంది.

పొద్దు గుంకే వేళ గని పైకొచ్చిన జైపాల్, చెమట తుడుచుకునే దస్తీ కోసం జేబులో చెయ్యి పెడితే ఫ్యూజు తగిలింది. ఉరికొచ్చి ఫ్యూజు పెట్టాడు. వరుసంతా వెలిగింది. ప్లగ్గు గుచ్చితే కంప్యూటరూ వెలిగింది.

"దా బిడ్డా, జల్ది కూసో. ఆప్షన్లు పెడ్దాం."

"పెట్టిన బాపూ, నెట్ సెంటర్ల. టైమైపోయింది."

"మన దగ్గరి కాలేజే గదా?"

"హైదరాబాద్. హాస్టల్ల ఉంట."

"నన్నొక్క మాట అడుగకపోతివి."

"అడుగుదమంటే నువ్వు గనిల ఉంటివి. మరి ఇన్నొద్దులు ఇంట్లనే ఉంటివి గదా బాపూ, నాకేం గావాల్నో నువ్వన్న అడుగకపోతివి."

జైపాల్ తీగ కొలిచాడు, గోడ కొలిచాడు. బిడ్డ మనసు ఎంత దూరం పోయిందో మాత్రం ఒక్కనాడూ కొలవలేదు.

"నేను పోయినంక దీంట్లనే మెయిల్ రాయి," అంది దీప, కాస్త మెత్తబడి.

"నాకెట్ల వస్తది, బిడ్డా?"

"నేర్చుకో."

చదువు ఇంటికి దగ్గర్లోనే ఉండాలన్న పంతం చివరికి నెగ్గింది: కంప్యూటర్ క్లాసుకు జైపాల్ నడిచే వెళ్తున్నాడు.