మెరుపు-తొమ్మిది బహిష్కరణ

చాలా పెద్ద అడవి అది. దారిలో ఎవర్నీ మోసం చెయ్యకుండా నడిస్తే ఈ కొస నుంచి ఆ కొసకి నక్కకి మూడు రోజులు పడుతుంది. అలా నడిచిన నక్క ఇంతవరకూ లేదు కాబట్టి ఈ లెక్క అంచనా మాత్రమే.

ఆ అడవిలో కంటకయ్య అనే ముళ్లపంది అర్జీలు టైపు చేసే కొట్టు నడుపుతూ ఉండేవాడు. పులిగారి కచేరీకి ఎవరు ఏం మొరపెట్టుకోవాలన్నా అతని దగ్గరికి రావలసిందే.

అతని కంప్యూటర్లో ఉన్నది నెమలి కంపెనీవారి మెరుపు-ఎనిమిది ప్రాసెసర్. కంటకయ్య ఒక అక్షరం నొక్కితే అది ఆ అక్షరాన్ని చూపించేసి, తరవాతి అక్షరం ఎప్పుడొస్తుందా అని ఖాళీగా కూర్చునేది. అయినా అది నెమ్మదిగా ఉందనే కంటకయ్య బెంగ.

ఎందుకంటే అతను ప్రాసెసర్ ప్రియుల సంఘానికి కార్యదర్శి. అధ్యక్షుడు వాలేశ్వరం అనే కొండముచ్చు. బుధవారం బుధవారం సాయంత్రం వాగు పక్క బండమీద సమావేశం జరిగేది. వాలేశ్వరం తన కంప్యూటర్‌తో ఏం చేస్తాడో ఎవరికీ తెలియదు. ఒకసారి ఎవరో అడిగితే, "దాని ఉష్ణోగ్రత చూస్తూ ఉంటాను" అన్నాడు. సభ్యులంతా గౌరవంగా తలలూపారు.

రెండేళ్లుగా ఎదురుచూస్తున్న మెరుపు-తొమ్మిది ఆ ఏడు ఎండాకాలంలో విడుదలైంది. కంపెనీ యజమాని నెమలి వేదిక ఎక్కి, పురి విప్పి, తెరమీద రెండు స్తంభాలు చూపించాడు. ఎనిమిదికి పుట్టగొడుగంత స్తంభం. తొమ్మిదికి తాటిచెట్టంత స్తంభం.

"ఇది ప్రాసెసర్ కాదు. అనుభూతి" అన్నాడు నెమలి.

కంటకయ్యకి ఆనందంతో ముళ్లన్నీ లేచి నిలబడ్డాయి. పక్కన కూర్చున్న ఉడుత లేచి వేరే చోటికి వెళ్లింది.

నాలుగు రోజులకి వడ్రంగిపిట్ట పరీక్షలు బయటికొచ్చాయి. అడవిలో ఏ కొత్త సరుకొచ్చినా ముందుగా పొడిచి చూసి చెప్పేది ఆ పిట్టే. ఆటల్లో తొమ్మిది ఎనిమిది కంటే వెనకబడింది. తక్కిన పనుల్లో సరిసమానం. కరెంటు మాత్రం రెట్టింపు తాగింది. పరీక్ష జరుగుతుండగా ఒక తొండ వచ్చి దానిమీద వెచ్చగా పడుకుందట. పైగా అది పాత మదర్‌బోర్డులో పట్టదు, మొత్తం పెట్టే మార్చుకోవాలి. తాటిచెట్టు సంగతీ తేలింది. స్తంభాల మొదళ్లు కోసేసి చిట్టచివరి కొసలు మాత్రం పెద్దవి చేసి చూపించారు.

ఆ బుధవారం బండమీద కాలుపెట్టడానికి చోటు లేదు.

"వెన్నుపోటు!" అన్నాడు వాలేశ్వరం. "రెండేళ్ల నుంచీ దీని గురించి కలలు కన్నాను. మా అబ్బాయికి మెరుపు అని పేరు కూడా పెట్టుకున్నాను."

"నేను నిన్నటినుంచీ తేనె ముట్టలేదు" అన్నాడు జాంబయ్య అనే ఎలుగుబంటి.

సరుకు అమ్మే నక్క గోమాయులు చెయ్యెత్తాడు. "తొందరపడకండి బాబూ. అప్‌డేట్ వస్తోంది. అది వచ్చాక దీని అసలు రూపం చూస్తారు."

ఒక మూల నుంచి కూర్మారావు అనే తాబేలు నింపాదిగా అన్నాడు: "నా దగ్గరున్నది మెరుపు-ఐదు. బాగానే ఉంది."

ఇంట్లో ఎవరో పోయినవాణ్ణి చూసినట్టు అందరూ అతన్ని జాలిగా చూసి, మళ్లీ అరుపులు మొదలుపెట్టారు.

అప్పుడు కంటకయ్య లేచాడు. "అరిస్తే కంపెనీకి వినబడదు. కొనకపోతే వినబడుతుంది. మూడు నెలలు మనలో ఒక్కడు కూడా తొమ్మిది కొనకూడదు. నెమలి పురి ముడుచుకుని మన బండ దగ్గరికి రావాలి. అప్పుడు మనం అడిగినట్టు బాగుచేసి ఇస్తాడు. ఇదీ తీర్మానం."

చప్పట్లు మోగాయి. అందరూ పంజా ముద్రలు వేశారు. కూర్మారావు ఒక్కడే వెయ్యలేదు.

"నువ్వు కంపెనీ మనిషివా?" అని వాలేశ్వరం నిలదీశాడు.

"కొనే ఉద్దేశమే లేదు కదా నాయనా. మళ్లీ కొననని ముద్ర దేనికి?" అన్నాడు కూర్మారావు.

ఇంటికి వెళ్తుంటే కంటకయ్య గుండె గర్వంతో నిండిపోయింది. సగం దూరం వెళ్లేసరికి అందులోకి ఇంకో ఆలోచన దూరింది. ఎవరూ కొనరు కాబట్టి దుకాణం ఖాళీగా ఉంటుంది. సంఘం తరఫున రేపు కంపెనీని కడిగెయ్యాలంటే వస్తువు చేతిలో ఉండాలి కదా? చూడకుండా తిట్టడం ధర్మం కాదు కదా?

ఆదివారానికల్లా అది ఆలోచన కాదు, బాధ్యత అయింది.

"ఏమండీ, ఉన్నది బాగానే పనిచేస్తోంది కదా" అంది అతని భార్య సూదమ్మ.

"నీకు తెలీదు సూదమ్మా. ఇది పరిశోధన."

"కొత్తది పాతదానికంటే నెమ్మదని మీరే కదా నాలుగు రోజుల్నించీ తిండి మానేసి తిడుతున్నారు?"

"ఎంత నెమ్మదో చూడాలిగా!"

పెళ్లయిన కొత్తలో అయితే సూదమ్మ ఇంకా వాదించేది.

పాత పెట్టె ఇచ్చేస్తే కొత్తది ఇచ్చే పద్ధతి గోమాయులు దుకాణంలో ఉంది. సోమవారం పొద్దున్నే కంటకయ్య పాత పెట్టె వీపున కట్టుకుని, ఎవరూ చూడకుండా పొదల వెనక దారిన బయల్దేరాడు.

పొదల వెనక దారి కిటకిటలాడుతోంది.

అందరికంటే ముందు జాంబయ్య టేకాకు మొహానికి అడ్డంపెట్టుకుని నిలబడ్డాడు. ఎలుగుబంటి మొహానికి టేకాకు సరిపోతుందని అతనికి ఎవరు చెప్పారో తెలియదు. అతని వెనక వాలేశ్వరం.

"అధ్యక్షా, మీరిక్కడ?" అన్నాడు కంటకయ్య.

"బహిష్కరణ సక్రమంగా జరుగుతోందో లేదో తనిఖీ చేస్తున్నాను" అన్నాడు వాలేశ్వరం.

"మరి చంకలో ఆ పాత పెట్టె?"

"నీ వీపున ఉన్నదేమిటో నువ్వు చెప్పు. తరవాత నాదేమిటో చెప్తాను."

ఇద్దరూ ఆకాశం వైపు చూశారు. వరస ముందుకి కదిలింది. ఇద్దరూ కదిలారు.

మధ్యాహ్నానికి సరుకంతా అయిపోయింది. గోమాయులు దుకాణం ముందు బోర్డు పెట్టాడు: "అడవి చరిత్రలో ఇంత వేగంగా అమ్ముడైన ప్రాసెసర్ లేదు." వేగం అన్న మాట ఆ ప్రాసెసర్‌కి సరిగ్గా అతికింది అక్కడే.

గురువారం పొద్దున్న చుక్కమ్మ అనే దుప్పి పరుగున కొట్లోకి వచ్చింది. వెనక నాలుగు పిల్లలు. నాలుగింటికీ నాలుకలు బయటికి వచ్చేశాయి.

"కంటకయ్య బాబాయ్, కొంప మునిగింది. తూరుపు మడుగు చుట్టూ కంచె వేస్తున్నారంట. పులిగారి బావమరిది జలకాలాడడానికి. అభ్యంతరాలుంటే ఈ రోజు మధ్యాహ్నం పన్నెండులోగా అర్జీ ఇవ్వాలంట. ఈ ఎండల్లో ఆ మడుగు తప్ప మా మందకి ఇంకో చుక్క లేదు బాబాయ్."

"ఎంతసేపమ్మా, ఇప్పుడే కొట్టేస్తాను" అని కంటకయ్య మీట నొక్కాడు.

తెర వెలిగింది. 'అప్‌డేట్ జరుగుతోంది. ఆపవద్దు. పదకొండు శాతం.'

పదకొండు శాతం దగ్గర అది చాలాసేపు ఆలోచించింది. పెట్టెలోంచి వేడిగాలి కొట్టింది. దుప్పి పిల్లలు వెనక్కి జరిగాయి.

"ఇంకెంతసేపు బాబాయ్?"

కంటకయ్య జాంబయ్య ఇంటికి పరుగెత్తాడు. అక్కడా పదకొండు శాతం. వాలేశ్వరం చెట్టు దగ్గరికి పరుగెత్తాడు. అక్కడా పదకొండే. వాలేశ్వరం తెరముందు కూర్చుని ఉష్ణోగ్రత చూస్తున్నాడు. "తొంభై ఆరు!" అన్నాడు, కొంచెం గర్వంగా.

"మనందరి పాత పెట్టెలూ ఏవి?" అన్నాడు కంటకయ్య.

"గోమాయులు నిన్ననే ఏరు దాటించి అవతలి అడవిలో అమ్మేశాడు."

కంటకయ్య వెనక్కి తిరిగాడు. చుక్కమ్మ అతని వెనకే వస్తోంది, పిల్లల్ని తోసుకుంటూ. అతని ముళ్లన్నీ వీపుకి అంటుకుపోయాయి.

ఇక మిగిలింది కూర్మారావు.

తాబేలు అంతా విన్నాడు. బండమీద అన్న మాటలు గుర్తుచెయ్యలేదు. "లోపలికి రండి" అని మాత్రం అన్నాడు. మెరుపు-ఐదు లేచి కూర్చోవడానికి కొంత సమయం తీసుకుంది, కానీ లేచింది. కంటకయ్య అర్జీ కొట్టాడు. ఒక్క అక్షరానికి కూడా అది వెనకబడలేదు. పదకొండున్నరకి కాగితం బయటికొచ్చింది.

చుక్కమ్మ దాన్ని నోట కరుచుకుని దూసుకుపోయింది. దుప్పి పరుగుని ముళ్లపంది అందుకోలేదు. అయినా కంటకయ్య రొప్పుతూ వెంటపడ్డాడు. అతను కచేరీ గుమ్మం చేరేసరికి ఎండ నడినెత్తి దాటింది. చుక్కమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. కాగితం ఇంకా నోట్లోనే ఉంది.

"తీసుకోలేదా?" అన్నాడు కంటకయ్య.

లోపల బల్ల దగ్గర దుమ్ములగొండి గుమాస్తా ఆవులించాడు. "ఈ రోజు అర్జీలు తీసుకోబడవు. కంప్యూటర్‌లో ఎక్కించాలి, అది ఎక్కడంలేదు. మొన్న కంపెనీ నుంచే కొత్తది తెప్పించాం. మెరుపు-తొమ్మిది."

"అది ఎందుకు కొన్నారు?" అన్నాడు కంటకయ్య.

"కొనుగోలు కమిటీ బాగా ఆలోచించే కొంది. ప్రాసెసర్ ప్రియుల సంఘం అంతా కార్యదర్శితో సహా వరసలో నిలబడి కొన్నారు కదా. తెలిసినవాళ్లు ఊరికే కొంటారా అన్నారు."

కంటకయ్య అక్కడే చతికిలబడ్డాడు. నాలుగు పిల్లల దాహానికి కారణం తనే. తీర్మానమూ తనదే, ఆ వరసా తనదే. ఇక చుక్కమ్మ మొహం చూడలేననుకున్నాడు.

చుక్కమ్మ కాగితం కింద పెట్టి మెల్లిగా అడిగింది: "మరి కంచె ఉత్తర్వు వెళ్లిపోయిందా అయ్యా?"

"అదెలా వెళ్తుంది?" అన్నాడు గుమాస్తా విసుగ్గా. "అదీ ఇందులోనే ఉంది. అచ్చయితే కదా పులిగారు పంజా ముద్ర వేసేది! మేస్త్రీలు పొద్దున్నుంచీ గుంజలు పట్టుకుని కూర్చున్నారు. మీరు తప్పుకోండి, గాలి రానివ్వండి. దీని వేడికి చచ్చిపోతున్నాం."

సాయంత్రం చుక్కమ్మ పిల్లలు తూరుపు మడుగులో మోకాలిలోతు దిగి నీళ్లు తాగాయి. కంటకయ్య ఒడ్డున కూర్చుని చూశాడు. ఎందుకో అతనికి ఏడుపొచ్చింది. కూర్మారావు వచ్చి పక్కన కూర్చున్నాడు.

వానలు పడి అడవంతా నీళ్లయ్యేదాకా కచేరీలో ఆ అంకె పదకొండు దాటలేదు. ఈలోగా పులిగారి బావమరిదికి జలకాల మీద మోజు తీరిపోయింది.

నీతి: పనికిరాని యంత్రం ఇంట్లో ఉంటే నష్టం, కచేరీలో ఉంటే ప్రజాసేవ.